అప్పు కట్టించుకున్నాక క్షమ ఎక్కడిది?

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా మన చర్చిల్లో ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సిలువ మీద యేసు పలికినట్టు సువార్తలు చెప్పే ఏడు మాటల మీద ఒకరి తర్వాత ఒకరు ప్రసంగిస్తారు. పెదకూరపాడులో విన్నా, గురజాలలో విన్నా ఒక కథ మాత్రం తరచూ చెవిన పడుతుంది. జడ్జి ముందు బోనులో ఆయన కొడుకే నిలబడ్డాడు. జడ్జి చట్టప్రకారం జరిమానా వేశాడు. ఆ తర్వాత కుర్చీ దిగొచ్చి ఆ డబ్బు తన జేబులోంచి కట్టేశాడు. దేవుడు మనకోసం చేసిందీ ఇదేనంటారు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు.

కథలో కిటుకంతా జరిమానాలో ఉంది. కొడుకు చేసింది హత్య అయితే? బదులుగా తాను ఉరికంబం ఎక్కుతానని తండ్రి ముందుకొస్తే ఏ కోర్టు ఒప్పుకుంటుంది? డబ్బు బాకీని ఒకరి బదులు ఇంకొకరు తీర్చవచ్చు, నేరం అలా చేతులు మారదని థామస్ పెయిన్ 1794లో 'ది ఏజ్ ఆఫ్ రీజన్'లో వాదించాడు. నిర్దోషిని శిక్షిస్తే పాత అన్యాయం పోదు, కొత్తది ఒకటి చేరుతుంది. అంతెందుకు, తండ్రి దోషం కొడుకు మీదా కొడుకు దోషం తండ్రి మీదా పడదని బైబిల్లోనే యెహెజ్కేలు 18వ అధ్యాయం చెబుతోంది.

అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు, 1849లో గురజాల చేరాడు. అలాంటి మిషనరీల నోట విన్న, యేసు మన శిక్ష తాను మోశాడనే బోధ ఇక్కడి విశ్వాసులకు మొదటి నుంచీ ఉన్న క్రైస్తవమే అన్నంతగా అలవాటైంది. చరిత్ర చూస్తే అలా లేదు. తొలి శతాబ్దాల్లో ఎక్కువగా వినిపించింది విడుదల సొమ్ము మాట. మనుషులు సాతాను చెరలో ఉన్నారు, యేసు ప్రాణమే క్రయధనం. ఆ సొమ్ము ముట్టింది సాతానుకేనని మూడో శతాబ్దంలో ఒరిజెన్ అన్నాడు. నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగరీ ఇంకో అడుగు వేశాడు: యేసు మానవదేహం ఎర, లోపల దైవత్వం గాలం, సాతాను మింగి చిక్కాడు. దేవుడు సాతానును మోసం చేసి గెలిచాడన్నమాట! ఇది పదకొండో శతాబ్దంలో ఆన్సెల్మ్‌కు నచ్చలేదు. సాతానుకు బాకీ ఏమిటి, దేవుడి గౌరవానికి భంగం కలిగింది, దానికి తగిన పరిహారం చెల్లాలి అన్నాడు. అది భూస్వామ్య ప్రభువుల కాలం మరి. తర్వాతి తరంలో అబెలార్డ్ ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, ఆ ప్రేమను చూసి మనిషి మారడమే సిలువ చేసే పని అన్నాడు. పదహారో శతాబ్దపు సంస్కర్తల చేతిలో, ముఖ్యంగా కాల్విన్ చేతిలో, సిలువ క్రిమినల్ కోర్టు వ్యవహారమైంది. కాల్విన్ చదివింది న్యాయశాస్త్రమేనన్నది గుర్తుంచుకోవాలి.

ఏ కాలంలో అధికారం ఎలా నడిస్తే దేవుడి దర్బారూ అలాగే నడిచింది. నైసీన్ విశ్వాస ప్రమాణం మన రక్షణ కోసం అని ఊరుకుందే తప్ప, ఆ రక్షణ ఏ పద్ధతిలో జరిగిందో తేల్చలేదు.

యేసు మన శిక్ష మోశాడనే బోధకు వీటన్నిటికంటే గట్టి దెబ్బ 1594లో అచ్చయిన ఒక పుస్తకంలో ఉంది. రాసింది ఇటలీ నుంచి పోలండ్ చేరిన ఫౌస్టో సోజీని. ఆయన వాదన మిర్చి పంట మీద అప్పు తెచ్చుకునే రైతుకు వివరించి చెప్పక్కర్లేదు. షావుకారు ప్రామిసరీ నోటు చించేసి పొమ్మంటే అది మాఫీ. రైతు బామ్మర్ది దగ్గర అసలూ వడ్డీ పైసాతో సహా వసూలు చేసుకుని నోటు చించితే అది వసూలే. రెండోది చేసి మొదటిదాని పేరు పెట్టుకోకూడదు. దేవుడు క్షమించాడంటే రక్తం అడగనక్కర్లేదు. రక్తం తీసుకున్నాడంటే క్షమించలేదు. ఇంత లెక్కలోనూ దెబ్బ తిన్నవాడి ఊసు ఎక్కడా రాదు. జడ్జి కొడుకు ఎవరిని కొట్టాడో కథ చెప్పేవాళ్లు చెప్పరు.

అయినా ఈ బోధ జనాన్ని ఎందుకు పట్టుకుంది? 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, మిషనరీ క్లౌ నాయకత్వంలోని బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. అప్పటికి కరువు కాలం, వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. గత జన్మ పాపం వల్లే ఈ కులంలో పుట్టారని తరతరాలుగా విన్నవాళ్లకు, మీ పాపం తీరిపోయింది లేచి నిలబడండి అన్న మాట ఎంత పెద్దదో హేతువాది కూడా ఒప్పుకోవాలి. కాకపోతే కర్మ ఉన్న చోట ఆదాము వచ్చి కూర్చున్నాడు. పుట్టుకతో దోషం అన్న మూలసూత్రం అలాగే ఉంది.

ఆ సూత్రాన్ని చట్టంగా చూడాలంటే బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చూడాలి. 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చర్చి చేసింది కాదు, బ్రిటిష్ ప్రభుత్వం చేసింది. కానీ దాని కింద ఎరుకలను ఉంచిన ఆ సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ. రక్తం, అగ్ని అన్నది ఆ సంస్థ నినాదం. అందరి పాపం ఒకరు మోశారని బోధించిన చోటే, దొంగతనం చేయని ఎరుకల బిడ్డకూ పుట్టుకే నేరమైంది. అక్కడివాళ్లు అప్పట్లో హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా కదలకూడదు. నేరం ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుందని ఒప్పుకున్నాక, అది ఆదాము నుంచి మనకు వచ్చినా, మన నుంచి యేసుకు పోయినా, తండ్రి నుంచి బిడ్డకు దిగినా తర్కం ఒక్కటే.

ఆ చట్టం 1952లో రద్దయింది, పోలీసుల అనుమానం మాత్రం పోలేదు. 1970ల్లో స్టూవర్టుపురంలో సంస్కరణ పనికి దిగిన దంపతులు హేమలత, లవణం. వినుకొండలో పుట్టి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న కవి జాషువా కూతురు ఆమె. ఆయన నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కొడుకు. వాళ్లు ఎవరి రక్తాన్నీ లెక్కలోకి తేలేదు. నేరం మానుకోవాలనుకున్న మనుషులతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడారు, బతుకుతెరువు వెతికిపెట్టారు.