ఫీజు చవక, చదువు ఖరీదు

సర్కారు విశ్వవిద్యాలయం పేదలకు అందుబాటులో ఉందా లేదా అన్నది ఫీజు రశీదు చూసి తేల్చే అలవాటు ఇక మానుకోవాలి. మయన్మార్‌లో ప్రభుత్వ వర్సిటీ ట్యూషన్‌ ఫీజు నిజంగానే నామమాత్రం. పాలకులు ఆ చిన్న అంకెనే పట్టుకుని తమది పేదల చదువు అని చెప్పుకుంటారు. యాంగోన్‌ తూర్పు శివారు తాకేటాలో పిల్లల్ని డిగ్రీ చదివించే ఇళ్ల లెక్క వేరు. బస్సుకు పెట్టేది, హాస్టలుకు పెట్టేది, ప్రైవేటు ట్యూషన్లకు పెట్టేది, అన్నిటికీ మించి ఆ పిల్లవాడు సంపాదించకుండా పోగొట్టుకున్న ఏళ్లు, ఇవేవీ రశీదులో ఉండవు. చదువు పూర్తయ్యాక ఏం చేతికొచ్చిందో చెప్పే కాగితం అసలే లేదు. ఈ రెండు లెక్కలూ బయటపెట్టని విశ్వవిద్యాలయాన్ని చవక అనడం మోసమే.

తాకేటా పుట్టుకే ఓ తరలింపు. 1959లో సైన్యాధిపతి నే విన్‌ ఆపద్ధర్మ ప్రభుత్వం రంగూన్‌ (నేటి యాంగోన్‌) నడిబొడ్డున గుడిసెల్లో ఉన్న వేలాదిమందిని ఖాళీ చేయించి తాకేటాకు, ఉత్తర, దక్షిణ ఒక్కలాపలకు పంపించింది. పజుందౌంగ్‌ వాగు ఇవతల పల్లపు నేలలో కూలీలు, రోజువారీ బేరగాళ్లు, చిన్న గుమాస్తాలు కాపురాలు పెట్టారు. తూర్పున బాగో నది. 1993లో తన్లిన్‌ వంతెన కట్టాక దాని మీదుగా రైలూ బస్సూ రెండూ నడిచాయి. 2000లో తూర్పు యాంగోన్‌ విశ్వవిద్యాలయాన్ని తీసుకెళ్లి ఆ వంతెన దాటాక తన్లిన్‌ టౌన్‌షిప్‌లో పెట్టారు. మ్యాప్‌లో చూస్తే తాకేటాకు దగ్గరే. చేరుకోవడమే కష్టం. విద్యార్థులు కొంతమంది కలిసి, ఫెర్రీ అని పిలుచుకునే అద్దె బస్సును నెలకింతని మాట్లాడుకుంటారు. తెల్లారగానే టిఫిన్‌ క్యారియర్‌ పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి. మధ్యాహ్నం క్లాసు లేకపోయినా ఫెర్రీ బయలుదేరేదాకా క్యాంపస్‌లోనే కాలక్షేపం. క్లాసు అయ్యాక లైబ్రరీలో గంట కూర్చుందామంటే ఫెర్రీ ఆగదు. అది తప్పిపోతే సిటీ బస్సులు మారుతూ చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. సాయంత్రం ఓ దుకాణంలో పనిచేసి ఖర్చులకు సంపాదించుకుందామన్నా కుదరదు. క్యాంపస్‌ను ఎక్కడ కట్టాలన్న ఒక్క నిర్ణయంతోనే ఫీజు రాయితీ మొత్తం హరించుకుపోయింది.

ఈ దూరం అనుకోకుండా ఏర్పడింది కాదు. 1988 ప్రజాస్వామ్య ఉద్యమం విద్యార్థుల చేతుల్లోంచి వచ్చింది. ఆ తర్వాత సైనిక ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకు తాళాలు వేసింది. 1996 డిసెంబరులో విద్యార్థులు మళ్లీ వీధుల్లోకి వస్తే, చాలాచోట్ల 2000 దాకా తలుపులు తెరుచుకోలేదు. ఆ పన్నెండేళ్లలో క్యాంపస్‌లు నడిచిన కాలం కంటే మూతపడిన కాలమే ఎక్కువ. నగరం మధ్యలోని పాత రంగూన్‌ విశ్వవిద్యాలయంలో డిగ్రీ తరగతులు ఎత్తేశారు. 1993లో దగాన్‌, 2000లో తూర్పు యాంగోన్‌, పడమటి యాంగోన్‌ విశ్వవిద్యాలయాలు ఊరవతల లేచాయి. వేలమంది కుర్రాళ్లు ఒకచోట గుమిగూడకుండా, గుమిగూడినా ఊళ్లో ఎవరికీ కనబడకుండా చేయడమే ఆ నిర్మాణం వెనకున్న ఆలోచన అని మయన్మార్‌లో చాలామంది నమ్మకం. మనమూ అదే అంటున్నాం. 2013 చివర్లో పాత క్యాంపస్‌లోకి మళ్లీ డిగ్రీ విద్యార్థులను తీసుకున్నారు. అయితే మార్కుల్లో మేటి అయిన కొద్దిమందికే ఆ భాగ్యం. తాకేటా కూలీ బిడ్డకు మాత్రం అదే ఫెర్రీ, అదే వంతెన.

మార్కుల సంగతి వచ్చింది గనుక అదీ చూద్దాం. అక్కడ మెట్రిక్యులేషన్‌ మార్కులే ఎవరు ఏం చదవాలో, ఎక్కడ చదవాలో నిర్ణయిస్తాయి. డబ్బున్నవాళ్లు పిల్లల్ని ఏడాదిపాటు బోర్డింగు ట్యూషన్‌ స్కూళ్లలో పడేసి రాత్రింబవళ్లు రుబ్బిస్తారు. లేనివాళ్లు బడి అయ్యాక వీధి చివర ట్యూషన్‌తో సరిపెట్టుకుంటారు. (మన విజయవాడ, హైదరాబాద్‌ కార్పొరేట్‌ కాలేజీల్ని చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు.) ఈ జల్లెడలో మెడిసిన్‌, ఇంజనీరింగ్‌ పైన నిలుస్తాయి. కిందికి జారినవాళ్లకు చరిత్ర, భూగోళం, వృక్షశాస్త్రం వంటివి దక్కుతాయి, అవీ దూరపు వర్సిటీల్లో. అంటే సర్కారు వర్సిటీల్లోకెల్లా ఉత్తమమైన సీటు ముందే డబ్బు పెట్టగలిగినవారి వశమవుతోంది. ఫీజు తక్కువగా పెట్టినందువల్ల పేదవాడి కంటే కలిగినవాడికే ఎక్కువ లాభం.

రంగూన్‌ విశ్వవిద్యాలయం పుట్టిననాడే చదువు ఖర్చు మీద ఈ తగాదా మొదలైంది. 1920 చట్టం దాన్ని విద్యార్థులంతా హాస్టళ్లలోనే ఉండి తీరాల్సిన సంస్థగా మలిచింది. ఇంగ్లిషు అంతంతమాత్రంగా ఉన్నవారికి అదనపు సన్నాహక సంవత్సరం పెట్టింది. సామాన్యుడికి అందని ఖర్చు ఇది అని విద్యార్థులు తిరగబడి, 1920 డిసెంబరు 5న క్లాసులు బహిష్కరించారు. వలస ప్రభుత్వానికి ఎదురుగా జాతీయ పాఠశాలలు పుట్టుకొచ్చాయి. ఆ బహిష్కరణ మొదలైన రోజే అక్కడి తిథి ప్రకారం నేటికీ మయన్మార్‌ జాతీయ దినం. చదువు ఖర్చు మీద జరిగిన పోరాటాన్ని జాతీయ పండుగగా చేసుకునే దేశం అది. ఆ పండుగ ఏటా జరిపించే ప్రభుత్వాలే డిగ్రీ విద్యార్థుల్ని నది అవతలికి పంపేశాయి.

ఇక పట్టా వచ్చాక ఏమవుతోంది? తెల్లారి ఫెర్రీ ఎక్కలేనివాళ్లు, పగలు పని మానుకోలేనివాళ్లు దూరవిద్యలో చేరారు. యాంగోన్‌ దూరవిద్యా విశ్వవిద్యాలయం 1992లో వచ్చింది. ఒక దశలో దేశంలోని వర్సిటీ విద్యార్థుల్లో సగానికి పైగా దూరవిద్యలోనే ఉన్నారు. పరీక్షల ముందు కొద్దిరోజుల తరగతులు, బజార్లో దొరికే గైడ్లు, పట్టా. దూరవిద్య తనకుతాను చెడ్డది కాదు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎందరో ఉద్యోగులకు, గృహిణులకు దారి చూపింది. అయితే పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టి పంపేస్తే అది చదువు అనిపించుకోదు. ఆ పట్టాతో పని వెతుక్కుందామంటే, తన్లిన్‌ దాటితే తిలావా ప్రత్యేక ఆర్థిక మండలి. 2015 నుంచి అక్కడ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. అక్కడ అడిగేది యంత్రం మీద పనితనం, ఇంగ్లిషో జపనీసో మాట్లాడగలగడం. నాలుగేళ్లు జంతుశాస్త్రం నోట్సు బట్టీపట్టిన అమ్మాయి, పదో తరగతితో ఆపేసిన అమ్మాయి ఒకే వరుసలో నిలబడుతున్నారు. రోజు కనీస వేతనం 2018లో 4,800 క్యాట్‌లు. అయిదేళ్ల తర్వాత, అదీ భత్యం పేరుతో, ఒక వెయ్యి కలిపారు. ఈ లోపు క్యాట్‌ విలువ నేలకు దిగింది. నాలుగేళ్ల ఫెర్రీ చార్జీలు ఈ జీతంతో ఎన్నేళ్లకు తీరాలి?

2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత ఈ లెక్క మరింత చెడింది. ఆ మార్చిలో తాకేటా పోలీసు స్టేషన్‌ ముందు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మే నెలలో వర్సిటీలు తెరిచే నాటికి సహాయ నిరాకరణలో పాల్గొన్నందుకు పదకొండు వేలకు పైగా విశ్వవిద్యాలయ సిబ్బందిని సస్పెండ్‌ చేశారని ఉపాధ్యాయ సంఘం లెక్క చెప్పింది. 2020లో మెట్రిక్యులేషన్‌కు తొమ్మిది లక్షలమందికి పైగా పేర్లిస్తే, 2022లో ఆ సంఖ్య మూడు లక్షల దగ్గరకు పడిపోయింది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని బయటికి తీశారు. పురుషులకు 18 నుంచి 35, మహిళలకు 18 నుంచి 27 ఏళ్లు. చదువుకుంటున్నవారికి వాయిదా ఇస్తామన్నారు. అదే ఏడాది మగవాళ్లు పని కోసం విదేశాలకు వెళ్లే అనుమతుల్నీ ఆపేశారు. ఇలాంటిచోట వర్సిటీలో చేరికలు పెరిగాయని ఎవరైనా గొప్పగా చెబితే నమ్మరాదు. బ్యారక్‌కు పోకుండా క్లాసులో కూర్చున్నవాణ్ణి చదువు మీద మక్కువతో వచ్చినవాడిగా ఎలా లెక్కేస్తాం?

యాంగోన్‌ గొడవ మనకెందుకని ఉత్తరాంధ్రలో ఎవరూ అడగరు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ఇళ్లలో ‘రంగం’ (రంగూన్‌) వెళ్లిన తాతో, ముత్తాతో ఉంటాడు. ఆ తీరపు రేవుల్లో ఓడెక్కి వెళ్లినవాళ్లే రంగూన్‌ హార్బర్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో, చమురు శుద్ధి కర్మాగారాల్లో చెమటోడ్చారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్లే. 1964 నుంచి నే విన్‌ జాతీయీకరణల పుణ్యమా అని కట్టుబట్టలతో తిరిగొచ్చినవారి పేరు మీదనే విశాఖలో బర్మా క్యాంపు ఉంది. మయన్మార్‌లోనే ఉండిపోయినవారి బిడ్డలకు 1982 పౌరసత్వ చట్టం మరో గోడ కట్టింది. పూర్తి పౌరులుగా గుర్తింపు లేనివారికి వైద్యం, ఇంజనీరింగ్‌ వంటి వృత్తి విద్యలు దాదాపు మూసుకుపోయాయి. మెట్రిక్‌లో ఎన్ని మార్కులొచ్చినా కాగితం లేకపోతే ఊరవతలి ఆర్ట్స్‌ డిగ్రీయో, దూరవిద్యో దిక్కు. ఆ డిగ్రీ నాణ్యత తక్కిన కుటుంబాలకు ఒక సమస్య అయితే, వీళ్లకు అదొక్కటే దారి. ఆ గోడ కూలాలి. అది కూలేదాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం బర్మా తెలుగు కుటుంబాల పిల్లల కోసం ప్రత్యేకంగా కొన్ని సీట్లు పక్కన పెట్టాలి. వాళ్ల పాత పదకొండేళ్ల బడి చదువును సాకుగా చూపి వెనక్కి పంపకుండా, ఒక సన్నాహక ఏడాది ఇచ్చి చేర్చుకోవాలి. 1926లో వెలసిన ఆ వర్సిటీకి ఇది భారం కాదు.

మన ఇంటి సంగతి అంత మెరుగ్గా ఉందా? బోధనా రుసుముల చెల్లింపు పథకం వచ్చాక తెలుగు రాష్ట్రాల్లోనూ పాలకులు చదువు ఉచితం అంటున్నారు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రైవేటు డిగ్రీ కాలేజీలు ఆ పథకం బకాయిల కోసమే తాళాలు వేశాయి. సర్కారు డబ్బు రాలేదని సర్టిఫికెట్లు ఆపేస్తే, ఉద్యోగానికి వెళ్లాల్సిన కుర్రవాడు అప్పు తెచ్చి కట్టి తెచ్చుకుంటాడు. చదువు ఫలితాల విషయంలోనూ ఇంతే. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ ర్యాంకుల్లో పట్టభద్రుల ఫలితాలకు నూటికి 20 మార్కులు. బాగానే ఉంది. అయితే అక్కడ చూపే మధ్యస్థ జీతం ఉద్యోగం దొరికినవాళ్లది. మధ్యలో మానేసినవాడు, నాలుగేళ్లుగా గ్రూప్స్‌ కోచింగ్‌ గదుల్లో మగ్గుతున్నవాడు ఆ అంకెలో కనిపించరు. అమెరికా 2015లో కొత్తగా తీర్చిదిద్దిన కాలేజ్‌ స్కోర్‌కార్డు ఇంతకంటే నిజాయితీగా వ్యవహరించింది. సర్కారు సాయం తీసుకుని చేరినవారు పదేళ్లకు ఎంత సంపాదిస్తున్నారో, పట్టా తీసుకోనివారినీ కలిపి చెప్పింది.

కావలసింది అలాంటి లెక్కే. ప్రతి ప్రాంతీయ విశ్వవిద్యాలయమూ ప్రవేశాల ప్రకటనలోనే రెండు అంకెలు అచ్చు వేయాలి. ఒకటి, ప్రయాణం, బస, పుస్తకాలు, పరీక్ష ఫీజులు అన్నీ కలిపి డిగ్రీ పూర్తయ్యేసరికి ఒక కుటుంబానికి అయ్యే మొత్తం ఖర్చు. రెండు, చేరిన ప్రతి వందమందిలో ఎందరు సకాలంలో పూర్తిచేశారు, ఎందరు మానేశారు, పట్టా తర్వాత మూడేళ్లకు ఎందరు ఎంత సంపాదిస్తున్నారు, ఆ పనికి నిజంగా ఆ డిగ్రీ అవసరమైందా అన్నది. ఇలా చేస్తే పేద పిల్లలు ఎక్కువ ఉన్న వర్సిటీలకు చెడ్డపేరు వస్తుందని వైస్‌చాన్సలర్లు భయపడతారు. అలా రాకుండా అదే స్థితిగతుల నుంచి వచ్చిన పిల్లలతోనే పోల్చి చూపొచ్చు. లెక్క దాచిపెట్టడానికి అదొక సాకు కాకూడదు.

తాకేటా విషయంలో ఇంకో మాట. నది అవతల కట్టిన భవనాలను కూల్చమని ఎవరూ అనడం లేదు. డిగ్రీ మొదటి రెండేళ్ల తరగతులు నగరంలోని పాత క్యాంపస్‌లో మళ్లీ పెట్టవచ్చు. తన్లిన్‌కు వెళ్లాల్సినవారి ఫెర్రీ ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి. సస్పెండైన ఉపాధ్యాయుల్ని వెనక్కి పిలవాలి. పాఠం చెప్పేవాళ్లే లేకుండా ఫలితాల మాట ఎత్తడం హాస్యాస్పదం. అక్కడి సైనిక పాలకులు ఇవి వింటారన్న ఆశ తక్కువే. మన ప్రభుత్వాలకు ఆ వంక లేదు. 2008లో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో పెట్టిన అంబేడ్కర్‌ విశ్వవిద్యాలయం, రంగం వెళ్లిన కుటుంబాల జిల్లాలోనే ఉంది. దాని రికార్డులు ఉన్నాయి, విద్యార్థుల ఫోన్‌ నెంబర్లు ఉన్నాయి. ఉన్నత విద్యామండలి వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌లో ఆ రెండు అంకెలూ అక్కడి నుంచే మొదలుపెట్టి ప్రచురించాలి.