తీతువు అరుపు

రాత్రివేళ తీతువు పిట్ట అరిస్తే కీడు జరుగుతుందని మన పెద్దలలో కొందరు నమ్ముతారు. రాయి విసిరి తరిమేవారూ ఉన్నారు. ఇది ఆ పక్షికి అన్యాయమని నా అభిప్రాయం.

తీతువు చెట్టుమీద గూడు కట్టదు. చెరువుగట్టు పక్కనో, దున్నిన చేలోనో నేలమీద చిన్న పల్లం చేసి, సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలుంటాయి కనుక అవి రాళ్లలో కలిసిపోతాయి. దాచుకోవడానికి కొమ్మ లేదు, పోరాడటానికి వాడిగోళ్లు లేవు, ఉన్నదల్లా గొంతే. కుక్కో, మనిషో దగ్గరకు వస్తే ఆడమగ రెండూ తలపైన తిరుగుతూ గోల చేస్తాయి. ఆ కేక వినగానే పిల్లలు కదలకుండా నేలకు అంటుకుపోతాయి. వచ్చినవాడి చూపు పైకి పోతుంది! ఇది రాత్రులు కూడా, ముఖ్యంగా వెన్నెలలో, మేతకు తిరుగుతుంది. అందుకే అప్పుడూ అరుస్తుంది. చీకట్లో గొంతు వినబడి పిట్ట కనబడకపోతే భయం పుట్టదా మరి?

మరాఠీలో దీన్ని ‘టిటవీ’ అంటారు. అది అరుపునుబట్టి వచ్చిన పేరు. తమిళంలో ‘ఆళ్కాట్టి’, అంటే మనిషి జాడ చూపేది. పొలాల్లో తిరిగినవారు పెట్టిన పేరది. మీ ఊళ్లో దీన్ని ఏమంటారో, ఎందుకలా అంటారో పెద్దలను అడగండి.