సొరంగంలో పొగకు దారేది?

కల్హేర్: మన మండలంలో కొండను తొలిచి వేసిన రోడ్డు ఒక్కటీ లేదు. కనుక సొరంగాలలోని వాహనాల పొగతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చు. పని ఉన్నది. నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెలు, తండాల నుంచి ఏటా ఎందరో పొట్ట చేతపట్టుకొని మహారాష్ట్రకు పోతున్నారు. 2002లో పూర్తయిన పుణె-ముంబాయి ఎక్స్‌ప్రెస్ రోడ్డు కాంషెట్, మాడప్, భాతన్ సొరంగాల గుండా పోతుంది. విజయవాడలో చిట్టినగర్ కొండ సొరంగం గుండా ఆటోలు, మోటారు సైకిళ్లు నిత్యం తిరుగుతున్నవి. అద్దాలు బిగించుకొని కారులో పోయేవానికి కొంత రక్షణ ఉన్నది. ఆటోలోనో, లారీ మీదనో కూర్చున్న కూలీకి అదీ లేదు.

ఈ ప్రమాదం మన రైతులు ఎరగనిది కాదు. నీళ్లు అడుగంటినప్పుడు ఆయిలు ఇంజనును బావిలోకి దించి నడపడం, తర్వాత దిగిన మనిషి స్పృహ తప్పడం, వానిని తీయబోయిన మరొకడూ పడిపోవడం పెద్దలకు తెలిసిన సంగతే. లోపల ప్రాణవాయువు తగ్గడం ఒక కారణం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మరొక కారణం. ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును దానికంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, ఆపైన మగత. సొరంగం కూడా అడ్డంగా తవ్విన బావి వంటిదే.

వాహనాలు కదులుతున్నంతసేపు వాటి వేగమే లోపలి గాలిని ముందుకు తోస్తుంది. ఒక లారీ చెడి వెనుక వరుస నిలిచిందా, గాలి నిలిచిపోతుంది, పొగ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 1982 నవంబరులో అఫ్ఘనిస్తాన్‌లోని సలాంగ్ సొరంగంలో పొగకు నూరు మందికి పైగా బలి అయినారు. బయట మంచు, చలి. లోపల చిక్కుకున్నవారు వెచ్చదనం కోసం ఇంజన్లు నడుపుతూనే ఉండడం వల్ల విషవాయువు మరింత పెరిగిందని చెబుతారు.

దీనికి విరుగుడు లేకపోలేదు. న్యూయార్క్‌లో 1927లో తెరచిన హాలండ్ సొరంగానికి 84 పంకాలు పెట్టారు. మనిషి ఎంత పొగను తట్టుకోగలడో ముందే పరీక్షించి మరీ కట్టారు. మన దేశంలోనే జమ్మూలో 2017లో ప్రారంభమైన చెనానీ-నాశ్రీ సొరంగం తొమ్మిది కిలోమీటర్లకు పైగా పొడవు. మంచి గాలిని లోపలికి పంపడానికి, చెడు గాలిని బయటకు లాగడానికి అందులో వేరువేరు మార్గాలు ఉన్నవి.

అయితే బయటకు లాగిన పొగ మాయమైపోదు. ఎవరో ఒకరి ఇంటిమీదనే పడుతుంది. హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు కింది నుంచి సొరంగ రోడ్డు వేయాలన్న ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాలలో వచ్చింది. ఇటువంటి పథకాలలో రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పడంతో సరిపోదు, పొగగొట్టం ఏ బస్తీలో తేలుతుందో కూడా ముందే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లోనే నిర్ధారించింది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు బీఎస్-6 నిబంధన వచ్చిన మాట నిజమే. కాని నల్లపొగ చిమ్మే పాత లారీలు ఇంకా రోడ్ల మీదనే ఉన్నవి.

కనుక ప్రభుత్వం ప్రతి పెద్ద సొరంగంలో విషవాయువును కొలిచే యంత్రాలు పెట్టాలి. కరెంటు పోయినా పంకాలు తిరిగే ఏర్పాటు చేయాలి. పొగ పరీక్ష కాగితానికే పరిమితం కారాదు. కూలీలను లారీలలో కుక్కి తీసుకుపోయే మేస్త్రీలను కట్టడి చేయాలి. డ్రైవర్లు సొరంగంలో బండి నిలిచిన వెంటనే ఇంజను ఆపాలి. ఆపకపోతే ఆపుమని అడిగే హక్కు బండిలో కూర్చున్న ప్రతి కూలీకి ఉన్నది. వలస పోయే మనవారికి ఈ ఒక్క మాట ఊరు దాటకముందే చెప్పి పంపడం మనందరి బాధ్యత.