సుంకం లేదు కదా అని వైన్ తెస్తున్నారా?

విదేశాల నుంచి సెలవులకు వచ్చే పిల్లల పెట్టెల్లో చాక్లెట్లు, బాదం పప్పులతోపాటు ఈమధ్య ఒక వైన్ సీసా కూడా కనబడుతున్నది. "నాన్నగారూ, ఇది విస్కీ వంటిది కాదు, గుండెకు మంచిది" అన్న మాట దానికి తోడు. నా అభ్యంతరమంతా ఆ మాట మీదనే.

ముందుగా నిబంధన చూడండి. మన బ్యాగేజీ నియమాల ప్రకారం మద్యమైనా, వైనైనా ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోదగినది 2 లీటర్లు. సాధారణంగా వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. రెండు సీసాలకు ఇబ్బంది లేదు. మూడవది చేరితే 2.25 లీటర్లవుతుంది. అప్పుడు గ్రీన్ చానల్‌లో మౌనంగా నడిచిపోరాదు; రెడ్ చానల్‌లో చెప్పి సుంకం చెల్లించవలసిందే. ఇక కువైట్‌కు వెళ్లే మనవారు ఒక్క సీసా అయినా వెంట తీసుకుపోరాదు. అక్కడ మద్యం పూర్తిగా నిషిద్ధం.

అయితే కస్టమ్స్ వారు కొలిచేది ద్రవాన్నే గాని, అందులోని ఆల్కహాలును కాదు. 12 శాతం వైన్ 2 లీటర్లలో దాదాపు 190 గ్రాముల ఆల్కహాలు ఉంటే, 40 శాతం విస్కీ 2 లీటర్లలో 630 గ్రాములుంటుంది. నిబంధనకు రెండూ ఒకటే. అది ఖజానా కోసం గీసిన గీత. దానిని ఆరోగ్యానికి హద్దుగా భావించేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

గుండెకు మేలన్న నమ్మకం పాత పరిశీలనల నుంచి వచ్చింది. మితంగా తాగేవారిని అసలు తాగనివారితో పోల్చారు. కాని ఆ తాగనివారిలో జబ్బుచేసి మానేసినవారూ ఉన్నారు! ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ గ్లాసు వైన్‌లో ఉండేది అత్యల్పం. మద్య పానీయాలను క్యాన్సర్ కారకాలుగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. వైన్‌కు మినహాయింపు లేదు. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మధుమేహమున్న తండ్రి సంగతి. ఆయన గ్లిమిపిరైడ్ మాత్రో, ఇన్సులినో వాడుతుంటారు. పిల్లలు వచ్చారన్న సంతోషంలో రెండు గ్లాసులు తాగి, భోజనం సరిగా చేయక పడుకుంటారు. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు కాలేయం తన నిల్వల నుంచి, కొత్తగా తయారుచేసి కూడా దానిని సరిదిద్దాలి. ఆల్కహాలు ఆ తయారీని అడ్డుకుంటుంది. అర్ధరాత్రి చెమటలు, తడబడే మాటలు, మగత. ఇవన్నీ మత్తులాగే ఉంటాయి గనుక ఇంటివారు దుప్పటి కప్పి దీపం ఆర్పుతారు.

అటువంటప్పుడు వెంటనే గ్లూకోమీటరుతో పరీక్షించండి. 70 కంటే తక్కువగా ఉండి, ఆయన మింగగలిగితే చక్కెర నీళ్లు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించండి. తాగిన సంగతి, మాత్ర పేరు అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి.