సీసా ఇవ్వడానికి సిగ్గెందుకు?

లూపస్ ఉందేమోనని అనుమానం రాగానే ఇంట్లో అందరూ పట్టుకునే మాట ఏ.ఎన్.ఏ. "పాజిటివ్ వచ్చిందట" అని గుసగుసలు. ఆ రక్తపరీక్షకు ఎంతయినా ఖర్చుపెడతారు. అదే రోజు చిన్న సీసాలో మూత్రం పట్టి ఇమ్మంటే మాత్రం మనకు ఎక్కడలేని సిగ్గు. "రేపు ఇస్తాలే" అని వచ్చేస్తాం. కిడ్నీని కాపాడుకునే విషయంలో ఆ సీసాకే పెద్దపీట వెయ్యాలని నా వాదన.

రోగక్రిములను పట్టుకోవాల్సిన ప్రతిరక్షకాలు లూపస్‌లో సొంత కణాల మీదికే తిరుగుతాయి. కణం నడుమ ఉండే డి.ఎన్.ఏ. కూడా వాటికి పరాయిదే. వీటినే స్వయం ప్రతిరక్షకాలంటారు. ఇవి డి.ఎన్.ఏ. లాంటి వాటితో ముడిపడి, రక్తాన్ని వడగట్టే కిడ్నీ జల్లెడల్లో చిక్కుకుంటాయి. కొన్ని నేరుగా అక్కడికే పోయి అతుక్కుంటాయి. వాటి వెనకాలే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు చేరతాయి, వాపు పుడుతుంది, జల్లెడ పాడవుతుంది. రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. నురగ, కాళ్లవాపు, పొద్దున్నే కళ్లచుట్టూ ఉబ్బు కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమే. మొదట్లో నొప్పి ఉండదు మరి.

ఇక ఆ ఏ.ఎన్.ఏ. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ పాజిటివే, కానీ ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి వస్తుంది. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో తమిళం, రిపోర్టులో ఇంగ్లీషు అయిన మనకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు. 1957లో బయటపడిన డి.ఎన్.ఏ. వ్యతిరేక ప్రతిరక్షకం లూపస్‌కు ఇంకా దగ్గరి గుర్తు. అది పెరుగుతూ సి3, సి4 తగ్గుతుంటే డాక్టర్లు కిడ్నీ మీద ఓ కన్నేస్తారు. 1966లో కనిపెట్టిన 'ఎస్.ఎం.' అనేది మరొకటి. ఆ అక్షరాలు ఒక రోగి ఇంటిపేరులోవి. (తెలుగు శాఖవాళ్లం, పేరు ఎలా పుట్టిందో చూడకుండా ఉండలేం కదా!)

అయితే అమెరికా సైన్యంలో దాచి ఉంచిన రక్తాన్ని పరీక్షించి 2003లో ఒక సంగతి తేల్చారు. కొందరిలో లూపస్ బయటపడటానికి తొమ్మిదేళ్ల ముందే ఈ ప్రతిరక్షకాలున్నాయి. అంటే అవి ఉన్నంతమాత్రాన కిడ్నీ చెడినట్టు కాదు. అవి పెద్దగా పెరగకుండానే కిడ్నీ దెబ్బతినేవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి ముందుగా పట్టిచ్చేది మూత్రమే. రోజుకు అరగ్రాము మించి ప్రొటీన్ పోతుంటే బయాప్సీ దాకా ఆలోచిస్తారు.

జ్వరంలోనూ, బాగా పరుగెత్తాకా కూడా కాస్త ప్రొటీన్ కనిపించవచ్చు. నెలసరి రోజుల్లో ఇస్తే రక్తం కలిసి లెక్క తప్పుతుంది. ఆ మాట ల్యాబ్‌లో చెప్పి తేదీ మార్చుకోవాలి. చెప్పడానికి నామోషీ పడి ఊరికే ఇచ్చేస్తే మళ్లీ అదే భయం, అదే ఖర్చు.

లూపస్ వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్లలోపు వాళ్లే. సరిగ్గా పెళ్లిమాటలు నడిచే వయసు. అందుకే ఫైలు బీరువాలోకి పోతుంది, మాత్రలు ఆగిపోతాయి. మైకోఫినోలేట్ లాంటి మందును గర్భానికి ముందే మార్చాలి, నిజమే. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను మామూలుగా గర్భంలోనూ కొనసాగిస్తారు. ఏది ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది డాక్టరమ్మ, పెళ్లిళ్ల పేరయ్య కాదు.