గ్లౌజు వేసుకున్న చేతికి పనికొచ్చే యాప్ కావాలి

ఫార్మా, కెమికల్ కంపెనీల్లో భద్రత కూడా ఇప్పుడు ఫోన్లోకి చేరిపోతోంది. పనికి ముందు తీసుకునే వర్క్ పర్మిట్, రోజూ నింపే చెక్‌లిస్టు, త్రుటిలో తప్పిన ప్రమాదంపై ఇచ్చే నియర్ మిస్ రిపోర్టు... అన్నీ యాప్‌లోనే. తనిఖీకి ఎవరొచ్చినా క్షణాల్లో రికార్డు చూపించొచ్చు. మంచిదే. కానీ ఆ యాప్ రికార్డు చూసేవాళ్ల కోసమా, రియాక్టర్ పక్కన నిలబడేవాళ్ల కోసమా?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. వీటికి యాప్‌లు కారణమని ఎవరూ అనడం లేదు. అయితే కింద పనిచేసేవాళ్లకు కనిపించే లోపం పైవాళ్లకు ఎంత త్వరగా చేరుతుందన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

ట్యాంకు లోపలికి మనిషిని దించే పని తీసుకుందాం. ముందు గ్యాస్ టెస్ట్ చేయాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 శాతం దాటకూడదు. ఈ రీడింగ్ నింపడానికి నాలుగు స్క్రీన్లు దాటాలంటే, గ్లౌజు తీసి చిన్న అక్షరాలు నొక్కాలంటే, మధ్యలో సిగ్నల్ పోయి మళ్లీ మొదటికొస్తే ఏం జరుగుతుంది? 'అన్నీ ఓకే' అని టిక్కులు పెట్టేస్తారు. ఇక సాల్వెంట్లు వాడే చోట మామూలు ఫోనే నిషిద్ధం, నిప్పురవ్వ పుడుతుందన్న భయం. అక్కడికి ప్రత్యేకంగా తయారైన ఫోన్లు కావాలి. అవి ఇవ్వకపోతే షిఫ్టు అయ్యాక క్యాంటీన్లో కూర్చుని గుర్తున్నంత నింపాల్సిందే.

భాష మరో చిక్కు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కలిసి పనిచేసే చోట యాప్ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే రిపోర్టు రాసేదెవరు? పైగా పేరు, ఐడీ తప్పనిసరి అంటే కాంట్రాక్టు కార్మికుడు వెనకడుగు వేస్తాడు. 'రేపట్నుంచి రావొద్దు' అంటారేమోనని భయం మరి.

కాగితం రోజుల్లో మాత్రం దొంగ సంతకాలు లేవా అని అడగొచ్చు. ఉన్నాయి. యాప్‌లో టైమ్ కూడా నమోదవుతుంది కదా, ఆ సౌకర్యాన్ని వాడుకోవాలి. నలభై ప్రశ్నల చెక్‌లిస్టు నలభై సెకన్లలో పూర్తయిందంటే అది ఎవరూ చూడకుండా పెట్టిన టిక్కే. డ్యాష్‌బోర్డు నెలంతా పచ్చగా కనిపిస్తే మేనేజర్ సంతోషించే ముందు ఒకసారి అనుమానించాలి.

యువతకు ఇక్కడే పని ఉంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ ప్రకారం 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఈ పరిమితి 1,000. ప్రమాదకర ప్రక్రియలుండే ఫ్యాక్టరీల్లో, నిర్మాణ పనుల్లో 250 మందికే ఈ నిబంధన వర్తిస్తుంది. ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేసేవాళ్లు యాప్‌ను అప్పగించిన పనిలా నింపి ఊరుకోవద్దు. ఎక్కడ ఆగిపోతున్నారో, ఏ ప్రశ్న ఎవరికీ అర్థం కావడం లేదో రాసి తయారుచేసినవాళ్లకు పంపండి.

యాప్ తయారుచేసే కుర్రాళ్లు కూడా ఏసీ గదిలో కూర్చుని డెమో చూపిస్తే సరిపోదు. ఒక నైట్ షిఫ్టు ప్లాంటులో ఉండండి. అయిదుగురు ఆపరేటర్ల చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా చూడండి. నెట్ లేకున్నా పనిచేయాలి, మాట్లాడితే రికార్డవ్వాలి, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారి ఉండాలి. ముఖ్యంగా, చెప్పిన లోపాన్ని సరిచేశారో లేదో చెప్పినవాడికి తిరిగి తెలియాలి. జవాబు రాని యాప్‌లో రెండోసారి ఎవరూ రిపోర్టు చేయరు.