దాటని పిల్లల లెక్క ఎవరు వేస్తారు?

“దరఖాస్తు పెట్టండమ్మా. మావాళ్ళు వచ్చి ఎంతమంది పిల్లలు దాటుతున్నారో లెక్క వేస్తారు. లెక్క సరిపోతే అప్పుడు చూద్దాం.”

బడి దగ్గర రోడ్డు దాటించడానికి ఒక మనిషిని పెట్టమని అడగడానికి వెళ్ళిన తల్లులకు ఒక కార్యాలయంలో నా ఎదుటే దొరికిన జవాబు ఇది. ఆ అధికారి కసురుకోలేదు. కుర్చీలు వేయించాడు. శాస్త్రీయంగా చేస్తామన్నాడు. తల్లులు కూడా తృప్తిగానే బయటికొచ్చారు. నాకు మాత్రం ఆ ‘లెక్క’ అన్న మాట దగ్గర ముల్లు గుచ్చుకుంది. ఏమిటా లెక్క? ఎవరు చేశారు? అందులో ఎవరున్నారు, ఎవరు లేరు?

రోడ్ల ఇంజనీర్లకు ప్రమాణాలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. పాదచారుల సౌకర్యాల మీద ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల 2012 నాటి ప్రతిలో ఒక సూత్రం ఉంది. రద్దీగా ఉన్న గంటలో దాటేవాళ్ళ సంఖ్యను, అదే గంటలో పోయే వాహనాల సంఖ్య వర్గంతో గుణించాలి. మధ్యలో విభజన లేని రోడ్డయితే ఆ లబ్ధం 10 కోట్లు దాటాలి, విభజన ఉంటే 20 కోట్లు. అప్పుడు అక్కడ బళ్ళను ఆపే ఏర్పాటు అవసరమని తేలుతుంది. బడి ముందు మనిషిని పెట్టడానికంటూ మనకు వేరే సూత్రం లేదు కాబట్టి, అడిగినప్పుడల్లా ఈ రకం తలల లెక్కే ముందుకొస్తుంది.

ఈ లెక్కను ఒకసారి మనమే వేసి చూద్దాం. ఒక ఊళ్ళో ఉదయంపూట నలభై మంది పిల్లలు రోడ్డు దాటుతున్నారు. ఆ గంటలో 500 వాహనాలు పోతున్నాయి. 500ని 500తో గుణించి, దాన్ని నలభైతో గుణిస్తే వచ్చేది ఒక కోటి. కావలసింది 10 కోట్లు. కనుక అవసరం లేదు. ఆ నలభై మంది పిల్లలకే లెక్క సరిపోవాలంటే గంటకు దాదాపు 1,580 వాహనాలు పోవాలి. అంటే రెండు మూడు సెకన్లకో బండి. అంత రద్దీలో ఎనిమిదేళ్ళ పిల్ల ఎలా దాటుతుంది? దాటదు. వాళ్ళమ్మ ఆ పిల్లను పంపదు. పిల్లలు పూర్తిగా మానేసిన రోజున గుణకారంలో ఒకవైపు సున్నా వస్తుంది. రెండోవైపు ఎన్ని వేల లారీలున్నా జవాబు సున్నాయే. ప్రమాదం భరించలేనంత పెరిగిన చోట అవసరమే లేదని తేల్చే లెక్క ఇది!

ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో షరతు ఉంది. ఏడాదిలో ఐదుగురు లేక అంతకంటే ఎక్కువ మంది పాదచారులు వాహనాలు తగిలి గాయపడినట్టు రికార్డులో ఉంటే అప్పుడు కూడా ఏర్పాటు చెయ్యవచ్చు. ఐదో బిడ్డ దాకా ఆగమని దీని అర్థం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళేనని కేంద్ర రవాణా శాఖే ప్రకటించింది. సాక్ష్యం ఇంకా చాలలేదా?

ఇప్పుడు భావనపాడు వైపు చూద్దాం. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునున్న మత్స్యకారుల ఊరు. మొదట భావనపాడు పేరుతోనే పిలిచి, తర్వాత మూలపేట పేరు పెట్టిన ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు కట్టాలంటే సముద్రంలోకి రాతి గోడలు వెయ్యాలి. ఆ రాయి టిప్పర్ల మీద రావాలి. రేవు నడవాలంటే సరుకు జాతీయ రహదారికి చేరాలి. మొదటి దశలోనే ఏడాదికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సామర్థ్యమని చెప్పారు. అందులో ఎంతో కొంత రైలెక్కినా మిగిలింది ఊళ్ళ మధ్య రోడ్ల మీదే కదా పోవాలి! రేవు కోసం కదలాల్సివచ్చిన మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకు నౌపడ దగ్గర పునరావాసం చూపించారు. ఇల్లు మారితే బడి దారి మారుతుంది. ఆ దారిలో ఏ రోడ్డు అడ్డం వస్తుందన్నది తల్లులకు మొదటి ప్రశ్న, ప్రాజెక్టు కాగితాలకు ఆఖరి ప్రశ్న.

ఇంకా ఒక్క ఓడ కూడా రాకముందే, రాబోయే టన్నులను లెక్క కట్టి, ఆ లెక్క చూపించి అప్పులు తెచ్చి, భూములు తీసుకున్నారు. రాబోయే సరుకును ముందే అంచనా వెయ్యగలిగిన ప్రభుత్వ యంత్రాంగం, రాబోయే ప్రమాదాన్ని మాత్రం ఎందుకు అంచనా వెయ్యలేదు? బొగ్గుకు, గ్రానైటుకు భవిష్యత్తు చాలు. బిడ్డకు మాత్రం గాయం రికార్డు కావాలి. దీన్ని సాంకేతిక విషయం అని మనం వదిలేస్తే ఇంతకంటే రాజకీయమైన విషయం ఇంకేముంటుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. మనిషిని పెట్టాలా వద్దా అని చర్చిస్తున్నప్పుడు అక్కడ ఇప్పుడు ఎవరూ లేరన్నట్టు మాట్లాడతారు. అది అబద్ధం. అక్కడ రోజూ ఒక మనిషి ఉంది. అమ్మ ఉంది. అమ్మ లేకపోతే మామ్మ, మామ్మ లేకపోతే పదకొండేళ్ళ అక్క. ఉత్తరాంధ్ర తీరంలో మగవాళ్ళు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన మన జాలర్లు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. ఇంట్లో మిగిలిన ఆడమనిషి తెల్లవారకముందే చేపల గంపెత్తుకోవాలి, లేదా ఉప్పు మడుల్లోకి కూలికి పోవాలి. బడి గంట తొమ్మిదికి కొడుతుంది. బేరమో కూలో అప్పటికే మొదలై ఉంటుంది. గుంటల్ని రోడ్డు దాటించి పోతే ఆ పూట బేరం పోతుంది. దాటించకుండా పోతే ఆ పూటంతా గుండె చేతిలో పట్టుకుని తిరగాలి. ఈ పని అక్క మీద పడితే ఆ పిల్ల తన బడికి ఆలస్యంగా పోతుంది, కొన్నాళ్ళకు మానేస్తుంది. తమ్ముడికి ఆటో కట్టి అక్కను మాన్పించే ఇళ్ళు మనకు తెలియనివి కావు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు పక్కన ‘నిరాసక్తత’ అని రాస్తారు. రోడ్డు అని ఎవరూ రాయరు.

కాబట్టి మన వాదన ‘కొత్తగా ఒక పని సృష్టించండి’ అని కాకూడదు. ఆ పని ఇప్పటికే జరుగుతోంది. చేస్తున్నది ఆడవాళ్ళు. జీతం లేదు, అధికారం లేదు, లెక్కలో చోటు లేదు. దాన్ని పనిగా గుర్తించమని అడుగుతున్నాం.

పిల్లలకు నేర్పితే సరిపోతుందనే వాళ్ళున్నారు. ఎడమా కుడీ చూడమని పాఠం చెప్పండి, మనిషెందుకు అంటారు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టీనా సాండెల్స్ 1960లలోనే ఈ వాదనను పరీక్షకు పెట్టారు. చిన్నపిల్లలు దూరాన్ని, వేగాన్ని పెద్దల్లా అంచనా కట్టలేరని, వాళ్ళ ఎదుగుదలే ఆ వయసుకు అంత వరకేనని, పిల్లను రోడ్డుకు తగ్గట్టు మలచలేం గనుక రోడ్డునే పిల్లకు తగ్గట్టు మార్చాలని ఆవిడ తేల్చారు. అరవై ఏళ్ళు గడిచినా మనం ఇంకా పిల్లకే పాఠం చెబుతున్నాం, లారీకి చెప్పడం లేదు.

అసలు బడి రోడ్డుకు అవతల ఎందుకుంది అన్నది ఇంకా ముందు అడగాల్సిన ప్రశ్న. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాల్లో ఆరో నియమం, ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటరు లోపు ఉండాలంటుంది. దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే ఆ దూరాన్ని ఇంకా తగ్గించి, ప్రమాదం తప్పేలా బడి పెట్టాలని కూడా అంటుంది. మరి మన రాష్ట్రంలో ఏం జరిగింది? 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవోతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపారు. కిలోమీటరే కదా అన్నారు. ఆ కిలోమీటరులో హైవే ఉందా, రైలు పట్టాలున్నాయా, వాగుందా అని చూడలేదు. ఆ జూలైలో బడులు తెరవగానే ఎన్నో ఊళ్ళలో తల్లులు రోడ్డెక్కింది అందుకే. 2025లో ఆ జీవో రద్దయింది గాని, మోడల్ ప్రైమరీ స్కూలు పేరుతో తరగతులను కలపడం కొత్త ఉత్తర్వుల్లోనూ ఉంది. రోడ్డుకు అవతలికి బడిని జరిపింది ప్రభుత్వమే అయినప్పుడు, ఇవతల నుంచి బిడ్డను దాటించే ఖర్చు కూడా ప్రభుత్వానిదే కావాలి. ఇది న్యాయమే గాని దయ కాదు.

ఇక్కడ మనవాళ్ళతో కూడా కొంచెం పోట్లాడాలి. ఈ సమస్య చెప్పగానే స్వచ్ఛంద సంస్థల మిత్రులు ఉత్సాహంగా ఒక పరిష్కారం చెబుతారు. తల్లుల కమిటీ వేద్దాం, వంతులవారీగా నిలబెడదాం, ఆకుపచ్చ కోటు, చేతికో జెండా ఇద్దాం, ఫొటో తీసి ప్రాజెక్టు రిపోర్టులో పెడదాం. నేను కూడా ఒకప్పుడు ఇలాగే మాట్లాడాను. ఇప్పుడు మాట్లాడలేను. కూలి మానుకుని వంతుకు వచ్చేది ఎవరు? ఒక్క తండ్రి పేరైనా ఆ జాబితాలో ఉంటుందా? బడిలో వంట చేసే ఆడవాళ్ళకు 2019లో వెయ్యి నుంచి మూడు వేలకు పెంచడాన్నే గొప్ప మేలుగా చెప్పుకున్న రాష్ట్రం మనది. అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళ సంగతి మరిచిపోకండి. జీతం అడిగితే అది ‘గౌరవ వేతనం’, వాళ్ళు స్వచ్ఛంద సేవకులు. 2023 డిసెంబరులో సమ్మెకు దిగి 42 రోజులు నిలబడితే, మధ్యలో 2024 జనవరిలో అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. డబ్బు ఇవ్వాల్సివస్తే సేవ, పని ఆగితే అత్యవసరం! రోడ్డు మీద నిలబడే ఆడమనిషిని కూడా మనమే తీసుకెళ్ళి ఆ వరసలో చివర నిలబెడదామా?

డబ్బు ఒక్కటే కాదు, అధికారం సంగతి కూడా ఉంది. బ్రిటన్‌లో 1953లో ఈ పని కోసమే ఒక చట్టం చేశారు. బడి దగ్గర నిలబడిన ఆ మనిషి చేతిలోని గుండ్రటి పలక ఎత్తితే ఏ బండైనా ఆగి తీరాలి. ఆగకపోతే నేరం. 2000 సంవత్సరంలో చట్టం మార్చి పిల్లలనే కాక పెద్దలను కూడా దాటించవచ్చన్నారు. అక్కడా అంతా బాగుందని చెప్పను. అక్కడా గుణకారాల లెక్కే, 2010 తర్వాత పొదుపు పేరుతో చాలా కౌన్సిళ్ళు ఆ పోస్టులకే కోత పెట్టాయి. అయినా ఆ పలకకు చట్టబలం ఉంది. మన మోటారు వాహనాల చట్టం 119వ సెక్షన్ ప్రకారం డ్రైవరు సిగ్నల్‌కు, ట్రాఫిక్ విధిలో ఉన్న పోలీసుకు లోబడాలి. జెండా పట్టుకున్న తల్లి మాట వినాలని ఎక్కడా లేదు. రేపు ఒక టిప్పరు ఆగకపోతే, ఆమె కళ్ళముందే బిడ్డకు ఏదైనా అయితే, నేరం ఎవరి మీద పడుతుందో ఊహించలేమా? అధికారం లేని మనిషిని రోడ్డు మధ్యన నిలబెట్టడమంటే ప్రభుత్వం తన బాధ్యతను ఆమె భుజం మీదికి జరపడమే.

ప్రతి బడికీ ఒక మనిషిని పెట్టగలమా అని ఎలాగూ అడుగుతారు. ప్రతి బడికీ అక్కర్లేదు. చాలా చోట్ల బళ్ళ వేగం తగ్గించే మిట్టలు, కంచె, బడి గేటును పక్క వీధిలోకి మార్చడం సరిపోతాయి. బడిని ఊళ్ళోనే ఉంచితే ఇంకా మంచిది. వీటిలో ఏదీ కుదరని చోట రోజుకు రెండు పూటలు, పూటకో గంట చేసే ఉద్యోగం కావాలి. ఆడవాళ్ళకో మగవాళ్ళకో కాదు, ఎవరైనా చెయ్యగలిగిన ఉద్యోగం. దానికి వేతనం, శిక్షణ, బీమా, బండిని ఆపే చట్టబద్ధమైన అధికారం ఉండాలి. పాదచారుల కోసం 138(1ఎ) సెక్షన్ కింద నియమాలు చెయ్యమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆరు నెలల గడువిచ్చింది. ఆ నియమాల్లో ఈ ఉద్యోగానికి చోటు అడగాల్సింది మనమే. ఆ ఉద్యోగిని ‘అమ్మ’ అని మాత్రం పిలవనివ్వకండి. అమ్మ అన్నాక జీతం అడగడం తప్పైపోతుంది.

మరి నిర్ణయం ఎలా జరగాలి? నేను లెక్కలకు వ్యతిరేకిని కాను. లెక్కలో ఎవరుండాలన్నదే నా తగాదా. వచ్చే నెల మీ ఊళ్ళో సంఘం కూర్చున్నప్పుడు ఒక నోటు పుస్తకం తెరవండి. దాటుతున్న పిల్లల సంఖ్యతో పాటు, దాటాల్సి ఉండి దాటనివాళ్ళు ఎందరో ఇంటింటికీ తిరిగి రాయండి. మానేసినవాళ్ళు, ఆటో కట్టినవాళ్ళు, చుట్టాల ఊళ్ళో ఉంచినవాళ్ళు అందరూ అందులోకి రావాలి. ఆడపిల్లలెందరో, మగపిల్లలెందరో విడివిడిగా రాయండి. దాటించడానికి రోజూ ఎవరు వస్తున్నారు, ఎంతసేపు, ఎంత కూలి పోతోంది రాయండి. గడియారం పెట్టుకుని ఒక పిల్ల ఎంతసేపు నిలబడాల్సివస్తోందో రాయండి. నిరీక్షణ మరీ ఎక్కువైనా, బళ్ళ వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటినా ఏర్పాటు చెయ్యవచ్చని ఇంజనీర్ల ప్రమాణాల్లోనే ఉంది. ఆ సంగతి మనకెవరూ చెప్పరు గనుక మనమే చెబుదాం. రాబోయే రేవు, క్వారీ, హైవే ఏదున్నా దాని సరుకు లెక్క కూడా పక్కన రాయండి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివించి తీర్మానం చేయించి, అప్పుడు కార్యాలయానికి వెళ్దాం.

ఆ రోజు మళ్ళీ కుర్చీలు వేసి, దరఖాస్తు పెట్టండమ్మా, లెక్క వేయిస్తాం అంటే, లెక్క తెచ్చాం, చదవండి అని బల్ల మీద పెడదాం. చదివేదాకా ఆ కుర్చీల్లోంచి లేవద్దు.